వర్నీస్‌ను పిలిచే మనిషి

ఎజెల్ మేబ్రీ మాట మొదలుపెట్టాడంటే అతని భార్య అర్నెటా ముందు ఒక కుర్చీ లాక్కుంటుంది. నిలబడి వినగలిగేంత చిన్న మాట ఈ మనిషి ఎనభై ఒక్క ఏళ్లలో ఒక్కటీ అనలేదని ఆమె నమ్మకం. దక్షిణ మెంఫిస్‌లో ఆ నమ్మకం ఆమె ఒక్కదానిదే కాదు.

ఆ బుధవారం పొద్దున మాత్రం అతను వంటింటి బల్ల దగ్గర నోరు మెదపకుండా కూర్చున్నాడు. ఎదురుగా నాలుగు మడతల ప్రోగ్రాం కాగితం. అట్ట మీద వర్నీస్ కాల్డ్‌వెల్ ఫొటో. ఆమె డెబ్బై తొమ్మిదో ఏట పోయింది గానీ, ఫొటోలో ముప్ఫై దాటలేదు. నవ్వుతూ ఎవరినో చూస్తోంది, ఇంకా వానకు తడవని వీధిలా ఉంది ఆ ముఖం. లోపల శనివారం చర్చిలో జరగబోయే వీడ్కోలు వరుసంతా అచ్చువేశారు. ప్రార్థన, కీర్తన, వాక్యం, ఆపైన మాట్లాడేవాళ్లు. ఏడో పేరు బ్రదర్ ఎజెల్ మేబ్రీ. ప్రతి పేరు పక్కనా ఒకటే మాట ఉంది: రెండు నిమిషాలు, దయచేసి. అతని పేరు పక్కన ఉన్న ‘రెండు’ కింద మాత్రం వర్నీస్ అక్క డార్థులా స్వయంగా పెన్నుతో గీత గీసింది. గీత చాలదనిపించిందేమో, ఇంకోటి కూడా గీసింది.

“చూశావా?” అన్నాడు ఎజెల్. “నాకొక్కడికే.”

“నీ ఒక్కడికే అవసరం,” అంది అర్నెటా, జావ కలుపుతూ.

ఎజెల్ జీవితంలో పాడలేదు, ఏదీ వాయించలేదు. పిలిచాడు. ముప్ఫై ఏళ్ల పాటు అదే అతని వృత్తి. చర్చిలో దేవుడి కోసం పెంచిన గొంతుతో బయటికొచ్చి ప్రేమ గురించి పాడేవాళ్లని సోల్ గాయకులన్న రోజుల్లో, వాళ్లు ఒకే బస్సులో కిక్కిరిసి ఊరూరా తిరిగేవారు. తెర ముందుకి అందరికన్నా ముందు వచ్చేవాడు ఎజెల్. వెనక బ్యాండు ఒకటే ముక్కని తిప్పి తిప్పి వాయిస్తుంటే, రాబోయే గాయకుడి ఊరు, పేరు, రికార్డులు ఒక్కొక్కటీ వరసపెట్టి చెప్పి, హాలు మొత్తాన్ని పొయ్యి మీది పాలలా పైకి తెచ్చి, సరిగ్గా పొంగబోయే క్షణాన పేరు పిలిచి, చెయ్యి చాపి, పక్కకి తప్పుకునేవాడు. తర్వాత ఏం జరిగినా అది అతని పని కాదు.

వర్నీస్ విషయంలో ఆ పాలు ఎంతసేపు మరగాలో ఎవరూ చెప్పలేకపోయేవారు. ఆమె తింటూ ఉండేది. ఆ దారుల్లో ఏ హోటల్లోనూ నల్లవాళ్లకి కుర్చీ దొరకని కాలం. ఏ ఊళ్లో ఆట ఉంటే ఆ ఊళ్లో ఎవరో ఒక తల్లి వంటింట్లోంచి పళ్లెం మీద పళ్లెం మూసి పంపేది: వేయించిన క్యాట్‌ఫిష్, ఆకుకూర, మొక్కజొన్న రొట్టె. అది సరిగ్గా ఆట వేళకే వచ్చేది. “చేప చల్లారాక తినమంటావా?” అనేది వర్నీస్. “పాటదేముంది, అది ఆగుతుంది. నువ్వెళ్లి చెబుతూ ఉండు.” అతను వెళ్లి చెబుతూ ఉండేవాడు. తినడం అయ్యాక ఆమె తెరని మోచేత్తో లోపలినుంచి ఒకసారి తోసేది. చేతులు జిడ్డు కదా, మోచేయి. తెర మీద ఆ ఉబ్బు కంటికొసకు కనబడగానే ఎజెల్ పేరు పిలిచేవాడు. క్లార్క్స్‌డేల్‌లో ఒక ఆదివారం మ్యాట్నీకి ఆమె రెండోసారి వడ్డించుకుంది. ఎజెల్ ఇరవై రెండు నిమిషాలు మాట్లాడాడు. ఆమె పుట్టుక, బాప్తిస్మం, మేనత్త ఉబ్బసం దాకా అయిపోయాయి. మూడో వరసలో ఒకాయన లేచి, “అయ్యా, పెళ్లి చేసి కాపురానికి కూడా పంపేసేలా ఉన్నావు, ఆ పిల్లని పాడనివ్వవయ్యా!” అని అరిచాడు.

మూడు వారాల కిందట ఆసుపత్రిలో ఆమె అతని చొక్కా చేయి పట్టుకుంది. “మా పాస్టర్ నా పేరు ముక్కులోంచి పలుకుతాడు, ఎజెల్. వినడానికి నేనుండను గానీ, తల్చుకుంటేనే చిరాగ్గా ఉంది. నువ్వు పిలువు.”

“ఎలా పిలవమంటావు?”

“మామూలుగానే. అన్నానికి పిలిచినట్టు.”

సరే అన్నాడు. చిన్న మాటే. అతను జీవితంలో అన్న అతి చిన్న మాటల్లో అదొకటి. ఇప్పుడు దాన్నే రెండు నిమిషాల్లో ఎలా పట్టించాలో తెలియడం లేదు.

అర్నెటా గుడ్లు ఉడికించేటప్పుడు వాడే గంట తెచ్చి బల్ల మీద పెట్టింది. రెండు దగ్గరికి తిప్పి, “ఇక కానివ్వు,” అంది.

“సోదరులారా, సోదరీమణులారా,” అన్నాడు ఎజెల్. “వర్నీస్ కాల్డ్‌వెల్‌ని నేను మొదటిసారి చూసినప్పుడు ఆవిడ బస్సు మెట్ల మీద కూర్చుని రూబెన్ ఫాంట్‌రాయ్ మోకాళ్లకి దూది కుడుతోంది.”

“రూబెన్ ఎందుకు ఇందులోకి?”

“మోకాళ్లు ఆయనవి కదా!”

రూబెన్ ఫాంట్‌రాయ్ ఎద్దులాంటి మనిషి. పాటలన్నీ బతిమాలే పాటలు. ప్రతి రాత్రీ వెళ్లిపోతున్న ఎవరో ఒక అమ్మాయిని మోకాళ్ల మీద పడి ఆపేవాడు. ఆ మోకాళ్లు చెక్క స్టేజీ మీద ఎన్నాళ్లు ఆగుతాయి? వర్నీస్ ఆయన ప్యాంటు లోపల దూది మెత్తలు కుట్టి పెట్టింది. ట్యుపెలోలో ఒక సాయంత్రం ఆ మెత్తలు జారి పిక్కల మీదికొచ్చాయి. రూబెన్ ధడేలున పడ్డాడు, లేవలేకపోయాడు. కళ్లల్లో నీళ్లు, నోట్లో మాట రాదు. జనం అది విరహం అనుకున్నారు. ఆడవాళ్లు లేచి నిలబడి ఏడ్చారు. ఎజెల్ వెళ్లి చంకలో చెయ్యేసి లేపుతుంటే, “మెల్లిగా, వెధవా, మెల్లిగా,” అని రూబెన్ గొణిగింది మైకులో పడి, అది కూడా పాటలో భాగమే అనుకుని హాలంతా “మెల్లిగా! మెల్లిగా!” అని అందుకుంది. తర్వాత ఏ ఊరెళ్లినా ఆ ముక్క పాడమని అడిగేవారు.

గంట మోగింది.

“వర్నీస్ ఇంకా బస్సు మెట్ల మీదే ఉంది,” అంది అర్నెటా.

గురువారం మంగలి షాపులో ఇంకాస్త ఘోరంగా నడిచింది. ఆలీ గాంట్ అతని తల నలభై ఏళ్లుగా దువ్వుతున్నాడు, ఇప్పుడు దువ్వడానికి ఏమీ లేకపోయినా. “రెండు నిమిషాలా?” అన్నాడు ఆలీ, కత్తెర గాల్లో ఆపి. “ఒరే, నువ్వు తుమ్మడానికే నాలుగు పడుతుంది.”

“రాసుకున్నానురా.”

“ఏదీ, చెప్పు. ఆమెన్ అనడానికి నేను రెడీ.”

చెప్పాడు. ఈసారి రూబెన్ జోలికి పోలేదు. పింక్‌స్టన్ అన్నదమ్ముల జోలికి పోయాడు. వర్నీస్ బస్సులో వాళ్లిద్దరి మధ్య సీట్లో కూర్చునేది మరి. డెల్మర్, డెల్‌రాయ్ ఒకే మైకు ముందు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని, నువ్వు నా ఊపిరి, నేను నీ నీడ అని పాడేవారు. స్టేజీ దిగాక మాత్రం పదకొండేళ్లు మాట్లాడుకోలేదు. ఏదైనా చెప్పాలంటే ఎజెల్‌కి చెప్పేవారు. “వాడి టై వంకరగా ఉందని చెప్పు.” “నా టై నా ఇష్టమని చెప్పు.” బస్సు ముందు సీటు నుంచి వెనక సీటుకి ఎజెల్ టై గురించి నడిచిన దూరం కలిపితే షికాగో వెళ్లి రావచ్చు. గొడవ దేని గురించి మొదలైందో వాళ్లకీ గుర్తులేదు. ఒకరోజు డెల్‌రాయ్ పాట మధ్యలో దగ్గాడు. డెల్మర్ రాగం ఆపకుండా, అదే పాటలో, తేనె నిమ్మకాయ తాగమని పాడాడు. జనానికి అదొక కొత్త చరణం. ఎజెల్‌కి మాత్రం తెలుసు, ఆ రాత్రి డెల్‌రాయ్ ఆ తేనె నిమ్మకాయ తాగాడని.

“ఎంతసేపైంది?” అన్నాడు ఎజెల్.

ఆలీ అద్దంలోకి చూశాడు. “నువ్వు మొదలెట్టినప్పుడు ఆ కుర్చీలో పెద్దాయనకి గడ్డం గీశాను. చూడు, మళ్లీ వచ్చేసింది.”

పెద్దాయనతో సహా అందరూ నవ్వారు. ఎజెల్ కూడా నవ్వాడు గానీ, ఇంటికి నడిచేటప్పుడు కాలిబాట మీద తన నీడ తనకన్నా ముందు వెళ్తూ, ఏం చెప్పాలో దానికి తెలిసినట్టు తలూపుతుంటే చిరాకేసింది.

వరండాలో అర్నెటా బఠాణీలు ఒలుస్తోంది. “ఇలా కాదు,” అంది. “ఆఖరి మాట ముందు రాసుకో. అక్కడికి ఎలా వెళ్లాలో తర్వాత చూద్దాం.”

పెన్సిల్ తీసుకున్నాడు. వర్నీస్ కాల్డ్‌వెల్ అని రాశాడు. పెద్ద అక్షరాలతో రాశాడు. పెన్సిల్ అక్కడే ఆగింది.

“ఊఁ, తర్వాత?”

“తర్వాత ఏముంటుంది? తర్వాత ఆవిడ వస్తుంది.”

అర్నెటా చేతిలో బఠాణీ కాయ సగం విప్పినది అలాగే ఉండిపోయింది. వీధిలో ఎవరో కారు కడుగుతున్నారు, నీళ్లు వాలు వెంట మెల్లగా వీళ్ల గేటు దాకా వచ్చి ఆగాయి. ఎజెల్ ఆ నీళ్లనే చూశాడు. ముప్ఫై ఏళ్లలో ఒక్కసారీ అతను మాట ముగించలేదు. ఎవరో ఒకరు వచ్చేవారు. వాళ్లు రావడమే ముగింపు. మనుషులు మాటని ఎలా ఆపుతారో, ఆపి ఎటు నడుస్తారో అతనికి తెలియదు.

“పోనీ ఐదు నిమిషాలు అడుగు,” అంది అర్నెటా చివరికి. “వెతుక్కోవడానికి కాస్త చోటుంటుంది.”

శుక్రవారం ఆమె చేసిన చిలగడదుంప తీపి రొట్టె పట్టుకుని డార్థులా ఇంటికెళ్లాడు. డార్థులాకి ఎనభై నాలుగు. నలభై ఏళ్లు బడిపంతులమ్మగా చేసింది, ఆ ఇంట్లో కుర్చీలు కూడా వరసలోనే ఉంటాయి. పంతొమ్మిదో ఏట చెల్లెలు చర్చి గాయక బృందం వదిలి బస్సెక్కితే, ఆమె ఆ పాటలు ఇంట్లోకి రానివ్వనంది. రేడియోలో వర్నీస్ వస్తే లేచి కట్టేసేది. ఒక్క ఆటకీ వెళ్లలేదు. ఆదివారాలు మాత్రం చెల్లెలికి భోజనం తనే పెట్టేది, పాట మాట ఎత్తకుండా.

“ఐదు నిమిషాలు, మిస్ డార్థులా.”

“రెండు.”

“పోనీ నాలుగు ఇప్పించండి.”

“ఇదేమన్నా కూరగాయల బజారా ఎజెల్?” రొట్టె గిన్నె అందుకుని మూత తీసి వాసన చూసింది. “అర్నెటా చేసిందా? అయితే తీసుకుంటాను. నా చెల్లెల్ని ముప్ఫై ఏళ్లు మీ స్టేజీకి ఇచ్చాను. ఇది నా చర్చి. ఆర్గాన్ వాయించే హార్వెల్‌కి చెప్పే ఉంచాను, రెండు దాటితే అందుకుంటాడు.”

ఆ చర్చిలో దానర్థం అందరికీ తెలుసు. మాట్లాడేవాళ్లు పరిధి దాటితే ఆర్గాన్ కిందనుంచి సన్నగా లేస్తుంది. అప్పటికీ కూర్చోకపోతే వరద నీళ్లలా మోకాళ్ల దాకా, నడుం దాకా వస్తుంది. కిందటేడు ఒక పెద్దమనిషి ఇంకా నోవహు ఓడ దగ్గరే ఉండగా మునిగిపోయాడు.

“ఆవిడే అడిగింది నన్ను,” అన్నాడు ఎజెల్ గుమ్మంలో.

డార్థులా గిన్నె మీద మూత మళ్లీ బిగించింది. “నన్నేం అడగలేదు,” అంది, తలుపు వేస్తూ.

శనివారం పదకొండింటికి చర్చి నిండిపోయింది. తెల్లటి టోపీలు, చేతి విసనకర్రలు, గన్నేరు పూల వాసన. ఎజెల్ పాత నీలం సూట్ వేసుకున్నాడు. అర్నెటా అతని జేబులో రెండు వాక్యాల కాగితం పెట్టింది. మొదటి ఆరుగురూ బుద్ధిగా రెండు నిమిషాలకే కూర్చున్నారు. అది అతన్ని ఇంకా భయపెట్టింది.

బాగానే మొదలుపెట్టాడు. రూబెన్ ఊసెత్తలేదు, పింక్‌స్టన్ అన్నదమ్ములు గొంతు దాకా వచ్చినా మింగేశాడు. ఆమె పుట్టిన వీధి చెప్పాడు. పాత ఐసు ఫ్యాక్టరీలో, చలికి పళ్లు కొట్టుకుంటూ, కోటు వేసుకుని పాడిన మొదటి రికార్డు చెప్పాడు. నిమిషన్నర అయింది. జనం తలలూపుతున్నారు. ఇక పేరు పిలవాలి. అలవాటుగా కంటికొస ఎడమవైపు వెళ్లింది. అక్కడ తెర లేదు. పాలిపోయిన ఆకుపచ్చ రంగు గోడ, దాని ముందు కుటుంబం కూర్చున్న బల్ల.

ఇంకో రికార్డు పేరు చెప్పాడు. గోడలో చలనం లేదు. ఇంకోటి చెప్పాడు.

డార్థులా వేలెత్తింది. హార్వెల్ ఆర్గాన్ సన్నగా అందుకున్నాడు.

హార్వెల్ చేతిలో ఉన్నది కీర్తనే. అందులో తప్పులేదు. కానీ పాస్టరైనా, పెద్దమనిషైనా ఆర్గాన్ వినగానే కూర్చుంటాడు. ఎజెల్ మేబ్రీ వీపు నిటారుగా అయింది. అతని జీవితమంతా మాట కింద ఆర్గాన్ అంటే ఒకటే అర్థం: కానివ్వు, ఇంకా పైకి. ఎనభై ఒక్క ఏళ్ల గొంతు ఒక్కసారిగా యాభై ఏళ్ల కిందికి జారిపోయింది. “మరి కోటు విప్పేశాక!” అన్నాడు, కాగితం వదిలేసి. “ఆ ఏడాదే రెండో రికార్డు! జాక్సన్‌లో తలుపులు ఊడిపోయాయి!” హార్వెల్ కూడా ఆ బస్సులో పంతొమ్మిదేళ్లు తిరిగినవాడే. ఆ గొంతు కింద తన చేతులు ఏం చెయ్యాలో ఆ చేతులకే తెలుసు. నాలుగో ముక్క దగ్గర కీర్తన జారిపోయింది. ఆపడానికి వచ్చిన ఆర్గాన్ అతన్ని మోయడం మొదలుపెట్టింది. హార్వెల్ తన చేతులవైపు చూశాడు, వేరెవరివో అన్నట్టు. వెనక బల్లల్లో కాళ్లు తాళం వేస్తున్నాయి. విసనకర్రలు ఆ తాళంలోనే ఊగుతున్నాయి. డార్థులా వేలు ఇంకా గాల్లోనే ఉంది, దాన్ని ఎవరూ చూడడం లేదు.

“ఈ ఊరి బిడ్డ!” అన్నాడు ఎజెల్. “ఈ చర్చి గొంతు! మిస్… వర్నీస్… కాల్డ్‌వెల్!”

చెయ్యి ఎడమవైపు చాపాడు. హార్వెల్ ఒక్క స్వరాన్ని పట్టుకుని ఉంచాడు. చర్చిలో ఉన్న తలలన్నీ ఎడమకి తిరిగాయి.

ఎవరూ రాలేదు.

తింటోందేమో అనుకున్నాడు ఎజెల్. నిజంగానే అనుకున్నాడు, ఒక్క క్షణం. ఇంకాస్త నడిపిద్దామని నోరు తెరిచాడు. చెప్పడానికేమీ మిగల్లేదు. రికార్డులన్నీ అయిపోయాయి. చెయ్యి చాచే ఉంది. దాన్ని ఎలా దించాలో ముప్ఫై ఏళ్లలో ఎవరూ నేర్పలేదు. గన్నేరు వాసన, వెనక బల్లలో అర్నెటా ముఖం, ఆ ఒక్క స్వరం.

టక్, టక్ మని చేతికర్ర చప్పుడు. డార్థులా లేచింది. ఈ మనిషిని చెవి పట్టుకుని దింపడానికే లేచింది, ముఖం చూస్తే అనుమానం అక్కర్లేదు. కానీ ఆమె లేచింది ఎడమవైపు బల్లలోంచి. అతను చాచిన చెయ్యి వైపుకే ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చింది. వెనకెక్కడో ఎవరో చప్పట్లు కొట్టారు. తర్వాత పక్కవాళ్లు. ఆమె మెట్టు ఎక్కేసరికి చర్చి చర్చంతా నిలబడి కొడుతోంది. కుటుంబంలో ఎన్నడూ స్టేజీ ఎక్కని మనిషి మధ్యలో ఆగి, ఇదెవరికోసమా అని వెనక్కి తిరిగి చూసుకుంది. ఆ తర్వాత అతని చెయ్యి పట్టుకుంది. పట్టుకుని కిందికి దించింది.

మైకు దగ్గరికి వంగింది. “రెండు నిమిషాలన్నాను.”

చర్చి విరగబడి నవ్వింది. పాస్టరు కూడా. హార్వెల్ సిగ్గుపడి కీర్తన వెతుక్కున్నాడు.

ఇద్దరూ మెల్లగా దిగారు. ఎవరు ఎవరిని నడిపిస్తున్నారో చెప్పడం కష్టం. అతను అర్నెటా ఉన్న వెనక బల్ల వైపు తిరగబోతే ఆమె అతని మోచేయి వదల్లేదు. కుటుంబం బల్లలో చోటు చూపించింది. “కూర్చో. జరుగు, నా టోపీ నలుగుతోంది.”

కూర్చున్నాడు. జేబురుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు. పైన ఎనిమిదో మనిషి మైకు తట్టి చూసుకుంటున్నాడు.

డార్థులా తల తిప్పకుండానే అడిగింది. “ఎప్పుడూ అలాగే పిలిచేవాడివా?”

“ఎప్పుడూ.”

“అంత గట్టిగానా?”

“హాళ్లు పెద్దవి, మిస్ డార్థులా.”

ఆమె చేతికర్రని ఒళ్లో అడ్డంగా పెట్టుకుంది. “పిలిస్తే వచ్చేదా?”

“ప్రతిసారీ. కాస్త ఆలస్యంగా.” అక్కడితో ఆగలేకపోయాడు, తనవల్ల కాలేదు. గొంతు తగ్గించి వంగాడు. “హెలెనా ఊళ్లో ఒకసారి ఏమైందంటే…”

“ఎజెల్.”

“చిన్నదే.”

“చర్చిలో ఉన్నాం,” అంది డార్థులా. ఎనిమిదో మనిషి గొంతు సవరించుకున్నాడు. ఆమె ముందుకే చూస్తూ, పెదవులు కదిలీ కదలకుండా అంది: “భోజనాల దగ్గర నా పక్కన కూర్చో. మొత్తం చెప్పు.”